ఆలుగడ్డ చేనులో తోడికోడళ్లు

జొన్నలు పిండి పట్టించుకోవడానికి వచ్చిన మనిషి స్కూటర్ కొక్కానికి రెండు సంచులు వేలాడుతున్నాయి. ఒకదాంట్లో జొన్నలు. రెండోదాంట్లో సొరకాయకూ కొబ్బరిబోండానికీ మధ్యరకంగా ఏదో ఉంది. జహీరాబాదులో మాది పిండి గిర్ని. గిర్నికి వచ్చే సంచుల్లో ఏముందో చెయ్యి పెట్టకుండానే చెప్పగలనని నాకు కాస్త గర్వం. ఇది మాత్రం అంతుపట్టలేదు.

"బంతి" అందామె. "రగ్బీ ఆడే బంతి."

బయటికి తీయించాను. కింద వేసి చూశాను. గుండ్రటి బంతి ఎటు పోతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇది ఒకసారి మోటారు వైపు దూకింది, మరోసారి వెనక్కి తిరిగి నా కాళ్ల మీదికే వచ్చింది, మూడోసారి ఒక ముసలాయన గోధుమల డబ్బాను తన్నింది. ఓర్నీ, దీనికి తలా తోకా లేదే అనుకున్నాను. ఆమె జొన్నలు పట్టడం మర్చిపోయి చాలాసేపు దాంతోనే ఆడాను.

ఆమె ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. మా ఊరికి కొత్త. ఇక్కడ పెళ్లిళ్లయిన ఆడవాళ్లలో చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్లు చాలామంది ఉన్నారనీ, వాళ్లతో ఒక రగ్బీ క్లబ్బు పెడతాననీ చెప్పింది. నేను ఒంటి చేత్తో బస్తా జరపడం చూసి నా మీద కన్ను వేసింది.

"మీరు కూడా ఆడేవాళ్లట కదా?"

"ఆడిన. పెండ్లి కాకముందు మాట. మా రాయికోడ్ దిక్కు నన్ను పట్టినోళ్లు లేకుండె" అన్నాను. ఇందులో అబద్ధం లేదు, కాస్త పొంగు ఉంది.

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం కలుపుతూ, "పో. నాకు నీ ఫికర్ లేదు, నీకు ఎదురొచ్చేటోళ్ల ఫికరే" అన్నాడు.

బడి మైదానమంతా మొరం. పడితే మోకాలి తోలు ఊడి వస్తుంది. అందుకని మేడం మొగుడంపల్లి రోడ్డు మీద ఒక ఆసామిని అడిగింది. ఆయన అప్పుడే ఆలుగడ్డ తవ్వించాడు. నేల గుల్లగా, పరుపులా ఉంది. మళ్లీ దున్నేదాకా ఆడుకోమన్నాడు. ఒక్కటే షరతు, గట్టు తెగ్గొట్టకూడదు. తవ్వినవాళ్లు వదిలేసిన గడ్డలు మట్టిలో ఉంటే అవి మావేనన్నాడు. ఆటకు ముందు వంగి ఆ గడ్డలన్నీ ఏరడం మాకు అలవాటైంది. ఏరకపోతే కాలు మడత పడుతుంది, ఏరితే రాత్రికి కూర. ఇంత లాభసాటి ఆట నేనింకెక్కడా చూడలేదు.

మొదటి సాయంత్రం వెళ్లేసరికి పదిమందిదాకా ఉన్నారు. కూరగాయలమ్మే ఆమె, అంగన్‌వాడీ ఆయా, ఇద్దరు డిగ్రీ పిల్లలు. వాళ్ల మధ్యలో చున్నీ నడుముకు బిగించి నిలబడి ఉంది, మా చిన్నది.

చిన్నది అంటే మా మరిది భార్య, నా తోడికోడలు. మాకు మాటల్లేక ఏడాది దాటింది.

వేరు పడ్డ రోజున తగువు వచ్చింది. దేని మీద? రొట్టెల పెనం మీద. మా అత్త చేతికింద నల్లబడి నున్నబడ్డ పెనం. దాని మీద జొన్నరొట్టె పొంగితే చూడాలి. నేను పెద్ద కోడల్ని కాబట్టి తీసుకున్నాను. చిన్నది చుట్టాలందరి ముందు, "అక్కకు అన్నీ గావాలె" అంది. నేను ఊరుకుంటానా? నా ముక్కు మీద కోపం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. నేను రెండన్నాను, ఆమె నాలుగంది. నడిమిట్ల గోడ లేచింది. అప్పటి నుంచి ఒకే వాకిలి, ఒకే నల్లా, రెండు తలుపులు, మాటలు బంద్.

మాటలు బందయితే ఎలా బతకాలో మా దిక్కు ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెప్పాల్సింది గాలికి చెబుతాం. నల్లా కారుతుంటే నల్లాకేసి, "నీళ్లు పుణ్యానికొస్తున్నయా?" అనాలి. వినాల్సినవాళ్లు వింటారు. ఎదురుపడి ఎవరు ముందు నోరు విప్పితే వాళ్లు ఓడినట్టు. మా అత్త ఒక నెల ఇటు, ఒక నెల అటు తింటూ, రెండు దేశాల మధ్య రాయబారిలా తిరిగేది.

నిజం చెప్పాలంటే నాకు చిన్నదాని మీద బెంగగా ఉండేది. వేరు పడక ముందు పొయ్యి దగ్గర నేను రొట్టె కొడితే ఆమె కాల్చేది. ఊళ్లో కబుర్లన్నీ అక్కడే. ఆమెకు నవ్వొస్తే రొట్టె మాడేది. ఒక్కదాన్నే కొట్టుకుని ఒక్కదాన్నే కాల్చుకునే రొట్టె ఎంత పొంగినా ఏం లాభం? కానీ ఓడిపోవడం నావల్ల కాదు.

ఆమెను చేనులో చూడగానే వెనక్కి పోదామనుకున్నాను. పోతే ఆమెను చూసి పారిపోయినట్టు అవుతుంది కదా. ఆగాను. ఆమె కూడా సరిగ్గా ఆ లెక్క మీదే ఆగినట్టుంది. అలా ఒకరి మీద కోపంతో ఒకరం రగ్బీ ప్లేయర్లమయ్యాం.

ఇక ఆట. అదొక వింత. బంతితో ఎదుటివాళ్ల గీత దాటి, దాన్ని నేలకు ఆనిస్తే పాయింట్లు. ముందుకు పోవాలి, కానీ బంతిని ముందుకు విసరకూడదు, వెనకవాళ్లకే ఇవ్వాలి. ఎదుటివాళ్లను పట్టుకుని పడేయాలి, పడెయ్యగానే వదిలెయ్యాలి. మా చేతులకు అది ఎక్కలేదు. కబడ్డీలో పట్టినవాళ్లను వదిలితే అవమానం. మేడం విజిల్ వేస్తూ, "వదలండి, వదలండి" అని మొత్తుకుంటుంటే కూరగాయలమ్మే ఆమె ఒక డిగ్రీ పిల్ల కాలు పట్టుకుని, "ఎందుకిడుస్త? దొరికింది గద!" అని అరిచింది.

నేను చేసింది దానికంటే ఘోరం. బంతి నా చేతికి వచ్చింది. ఎదురుగా ముగ్గురు. ఒకరిని తప్పించాను, ఇంకొకరి చెయ్యి విదిలించాను, మూడో మనిషిని తోసుకుంటూ అవతల పడ్డాను. ఎదుటివాళ్ల గీత దాకా ఖాళీ చేను. అప్పుడు నా ఒంట్లోని కబడ్డీ మేల్కొంది. ముగ్గురిని ముట్టుకున్నాను, ఇక బతికి ఇంటికి పోవాలి! గిర్రున తిరిగి, తోసొచ్చినవాళ్ల మధ్య నుంచే మళ్లీ మా గీత వైపు ప్రాణం పెట్టి పరుగెత్తాను.

"అక్కా! ఇటు గాదు! అటు ఉరుకు, అటు!"

ఎదురుగా చేతులు చాపి అరుస్తున్నది చిన్నది. నా కాళ్లు నిలిచిపోయాయి, బంతి జారిపోయింది. చేనంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను ఉల్టా ఉరికినందుకు వాళ్ల నవ్వు. నా చెవుల్లో మాత్రం ఒక్కటే మోగుతోంది. ఇది నన్ను అక్కా అంది.

ఆ రాత్రి ఉప్పు లేకుండా కూర వండాను. ఆమె మాట్లాడినట్టా, కాదా? ఆటలో నోరు జారిన మాట లెక్కకు వస్తుందా? అప్పుడు మా అత్త నా వంతు నెలలో ఉంది. అడిగాను.

ఆమె వక్క కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది. "నిద్రల కలవరిస్తే మాట్లాడినట్టా? గిది గూడ గట్లనే" అంది. మళ్లీ తనే, "ఏమో బిడ్డా, నిద్రల గూడ పగోళ్లను అక్కా అని పిలుస్తరా?" అని నన్ను ఇంకా పరేషాన్‌లో పెట్టింది.

మర్నాడు నల్లా దగ్గర పరీక్ష పెట్టాను. చిన్నది వస్తుంటే బిందె అడ్డంగా వదిలేశాను. తిడుతుందేమో, తిట్టినా మాటే కదా. ఆమె నా ముఖం ఒకసారి చూసి, బిందెను పక్కకు జరిపి, నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. సరే, అయితే చేను మాట చేనుకే అని తేల్చుకున్నాను.

అయినా సాయంత్రమైతే కాళ్లు మొగుడంపల్లి రోడ్డు పట్టేవి. గోనె సంచిలో పొట్టు కుక్కి ఇచ్చింది నేనే. దాన్ని గుద్దుతూ పడెయ్యడం నేర్చుకున్నాం. మేడం నన్ను ముందు పెట్టింది, చిన్నదాన్ని నా ఎడమ వెనక. ఈ ఆటలో బంతి ఉన్నవాళ్లు వెనక్కి చూడకూడదు, చూస్తే దొరికిపోతారు. జవాబు కూడా ఇవ్వరు. వెనకవాళ్లు పిలవాలి, ఆ పిలుపు ఎటు నుంచి వచ్చిందో అటు విసరాలి. "అక్కా, ఎడమకున్న!" "అక్కా, దగ్గరికొచ్చిన, ఇయ్యి!" ఆమె పిలిచేది, నేను విసిరేదాన్ని. చూడకుండా విసిరినా ఆమె చేతుల్లోకే పోయేది. మేడం చప్పట్లు కొట్టి, "మీ ఇద్దరికీ భలే కుదిరింది, ఇంట్లో కూడా ప్రాక్టీసు చేస్తారా?" అంది. ఇద్దరం చెరో దిక్కు చూశాం.

నాకు ఆ మనిషి ఒక పొడుపుకథ అయిపోయింది. చేనులో గొంతు పగిలేలా అక్కా అని పిలిచే నోరు, ఆటో దిగి వాకిట్లో అడుగు పెట్టగానే ఎలా మూతపడుతుంది? గోడకు చెవి ఆనించి వినేదాన్ని. పిల్లలతో మామూలుగానే మాట్లాడేది, నవ్వేది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే ఓడినట్టే. మింగేసేదాన్ని.

ఎండలు ముదురుతుండగా ఆసామి చెప్పాడు, ట్రాక్టరు మాట్లాడానని, ఇంక ఒక్క ఆదివారం ఆడుకోమని. అందరూ ఆట పోతుందని దిగులు పడ్డారు. నా దిగులు వేరు. ఈ చేను దున్నేస్తే నన్ను అక్కా అని పిలిచే చోటు ఇంక ఉండదు.

ఆ ఆదివారం బీదర్ నుంచి ఒక జట్టు వచ్చింది. బలమైన మనుషులు. దారిలో టిఫిన్ చేసి, నవ్వుకుంటూ దిగారు. వాళ్లలో వాళ్లు కన్నడంలో మాట్లాడుకున్నారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది, మా చిన్నదాని పుట్టిల్లు కర్ణాటక బార్డరు అవతలే. వాళ్లు అనుకునేదంతా ఆమెకు అర్థమయ్యేది. "అక్కా, కుడికి వస్తరంట!" "అక్కా, నిన్నే పట్టుమంటున్నరు!" ఆట పొడుగునా నా వెనక ఆ గొంతు ఆగలేదు.

అయినా చిత్తుగా ఓడుతున్నాం. చివర్లో బంతి నా చేతికి దొరికింది. ఒకామెను తప్పించి దూరాను. ఈసారి కబడ్డీ మేల్కోలేదు, ముందుకే ఉరికాను. పక్క నుంచి ఒక పొడుగామె దూసుకొచ్చి నా నడుం పట్టింది. పడిపోతున్నాను. "అక్కా, ఉన్న!" వినపడింది. చూడకుండా విసిరేసి బోర్లా పడ్డాను. నోటి నిండా మట్టి. తల ఎత్తేసరికి చిన్నది గీత దాటి, బంతిని రెండు చేతులా నేలకు అదిమి పట్టుకుని ఉంది. మా క్లబ్బుకు ఆ ఆట మొత్తంలో దక్కింది అదొక్కటే. గట్టు మీద ఆసామి తువ్వాలు తిప్పుతున్నాడు. బీదర్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్లి చిన్నదాన్ని వాటేసుకున్నారు. నేను మట్టి ఉమ్ముకుంటూ దూరంగానే నిలబడ్డాను. పోదామని ఎంత ఉందో!

ఆటోలో అందరూ ఒకటే లొల్లి. ఒక్కొక్కరే దిగిపోయారు. చివరికి మేమిద్దరమే మిగిలాం. ఆమె రోడ్డు చూస్తోంది. నేను మోకాలు చూసుకుంటున్నాను. వాకిట్లోకి వచ్చాం. ఆమె తన తలుపు దగ్గరికి నడిచింది. అంతే, నా కోపం కట్ట తెంచుకుంది. నల్లా వైపు తిరిగాను.

"కొందరికి చేనుల ఊరంత నోరుంటది! ఇంటికొస్తే ఏడికి పోతదో ఏమో!"

తాళంచెవి తిప్పుతున్న చెయ్యి ఆగింది. ఆమె నల్లా వైపు తిరగలేదు. నా వైపే తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నల్లాకెందుకు చెప్తవక్కా? నాకే చెప్పు. నేను మాట్లాడలేదా? మొదటి దినం నువ్వు ఉల్టా ఉరుకుతుంటే అందరి ముందట అక్కా అని పిలిచిందెవరు? నేనే ఓడిన, పోనీ అని మా అమ్మకు గూడ చెప్పుకున్న. గప్పటి సంది దినాం పిలుస్తనే ఉన్న. బంతి ఇసిరేస్తివి, పోతివి. ఒక్కదినమన్న 'ఆఁ' అన్నవా?"

ఈ ఊళ్లో నా నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటిదాన్ని వంగి, కారని నల్లాను బిగించాను. ఆమె ముక్కు తుడుచుకుని తలుపు తీసింది. గడప మీద కాలు పెడుతూ, అలవాటయిపోయిందేమో, ఆశ చావలేదేమో, వెనక్కి చూడకుండానే ఇంకోసారి అంది.

"అక్కా."

"ఆఁ" అన్నాను.