పదికి ఎంతండీ?

పొద్దున్నే కుడికాలి పిక్కకు చల్లటి జిగురు బిళ్ళలు రెండు అంటించుకుని మెషిన్ మీట తిప్పగానే, చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. నొప్పి మాత్రం ఎడమ పాదంలో. ఆ పాదం లేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో వెనక్కి వస్తున్న లారీ చక్రం కింద నలిగితే మోకాలి కింద నుంచి తీసేశారు. లేని పాదం నొప్పికి ఉన్న కాలికి కరెంటు పెట్టడమేమిటో నాకు ఇప్పటికీ అయోమయమే. బిళ్ళలు అంటించుకున్నప్పుడల్లా నాగమణి గారు గుర్తొస్తారు.

ఆవిడ ఏలూరు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కొల్లేటి లంకల్లో చేపలు పట్టుకునే ఇంటి నుంచి చదువుకుని వచ్చిన మనిషి. మొదటిరోజు నొప్పి పదికి ఎంతని అడిగారు. మాది మూడు తరాల ఉల్లిపాయల కొట్టు. ఎవరైనా ఎంతని అడిగితే ఉన్నమాట చెప్పడం మా ఇంటావంటా లేదు. లోపల ఆరనుకుని పైకి తొమ్మిదన్నాను. ఆవిడ తగ్గించి అడుగుతారు, ఏడుకి తెగుతుందని నా అంచనా. ఆవిడ తొమ్మిదని రాసేసుకున్నారు. బేరమాడని మనిషి ముందు ఎలా కూర్చోవాలో నాకెవరూ నేర్పలేదు.

తీసెయ్యగా మిగిలిన కాలి మీద బిళ్ళ ఆనితేనే ఓర్చుకోలేకపోయాను. అందుకని రెండో కాలికి, సరిగ్గా అదే చోట పెట్టి, కొందరికి ఇలా కూడా పనిచేస్తుందన్నారు. వారం తిరిగేసరికి లేని బొటనవేలిని మెలిపెడుతున్న పట్టు కాస్త సడలింది. తగ్గిందంటే మెషిన్ ఆపేస్తారేమోనని ఎనిమిదన్నాను. మూడో వారమూ ఎనిమిదే.

ఆవిడ పుస్తకం మూసి, "ఇది మీకు పనిచెయ్యట్లేదండి. నొప్పి తగ్గడానికి వెన్నెముక దగ్గర కరెంటు తీగ పెట్టే ఆపరేషన్ ఒకటుంది, పెద్ద డాక్టరు గారికి రాస్తాను" అన్నారు.

ఆపరేషన్ అనగానే ధర దించేశాను. "నాలుగు వేసుకోండి మేడం."

"ఇందాక ఎనిమిదన్నారు కదండీ."

"పోనీ అయిదు."

నవ్వు ఆపుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మీ నొప్పి నాకు అమ్మక్కర్లేదండి. ఎలా ఉందో చెప్పండి, చాలు."

చెబుదామని నోరు తెరిచాను. పైకి చెప్పిన అంకెల కింద అసలుది ఎక్కడ పెట్టానో నాకే దొరకలేదు. తెలీదండి అన్నాను. ఆవిడ ఆ మాటే రాసుకున్నారు. ఆపరేషన్ సంగతి పక్కనపెట్టి, మెషిన్ ఇంటికిచ్చి, అంకెలు మానేసి రోజూ ఏం చెయ్యగలిగానో రాయమన్నారు. కూర్చుని అన్నం తిన్నాను, వీధి చివరిదాకా నడిచాను, ఇలా రాసుకుంటూ పోతే నెలయ్యేసరికి తగ్గిందని ఆ కాగితాలే చెప్పాయి.

తర్వాత ఆవిడ కలిదిండి వైపు వెళ్ళిపోయారు. మొదటిరోజు ఆరుకి మూడు కలిపి చెప్పానని ఇన్నేళ్ళూ నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈమధ్య అనుమానం పట్టుకుంది. ఆరోజు నొప్పి తొమ్మిదే అయి ఉంటుందా? భరించలేక, నాతో నేనే బేరమాడి ఆరుకి దింపుకున్నానా? అలాగైతే ఆవిడకు నిజమే చెప్పానన్నమాట. ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాను.