ఏమీ తగిలించని చోటి నుంచి నూట ఇరవై ఏడు

కయానీ అనే చలి ఊళ్లో ఒకప్పటి కాగితం మిల్లులో ఇప్పుడు కంప్యూటర్లు నడుస్తాయి. ఔలిస్ కర్తునెన్ ఆ గోడల మధ్య ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. సగం కాలం కాగితం చుట్టలు చూశాడు, మిగతా సగం వేడి చూశాడు. హాలులో ఏ యంత్రం ఎంత వేడెక్కిందో తెర మీద గీతలుగా పాకుతుంటుంది. ఆ గీతల ముందు కూర్చోవడమే అతని పని. నేను కాలేజీ రెండో ఏడు వదిలేసి వచ్చి అతని పక్క కుర్చీలో పడ్డాను. ఒకచోట కుదురుగా కూర్చోలేకే చదువు మానినవాడికి దొరికింది కూర్చునే ఉద్యోగం.

ఆ గదిలో మూడు కప్పుల కోసం మూడు మేకులు ఉన్నాయి. మూడో కప్పు నాకు ముందు ఆ కుర్చీలో పనిచేసిన తార్మోది. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు. శుక్రవారం శుక్రవారం ఔలిస్ దాన్ని కడిగి మళ్లీ అదే మేకుకు తగిలించేవాడు. మొదట్లో నేను తెలియక అందులో కాఫీ పోసుకోబోయాను. చేతిలోంచి తీసుకుని నాకు ఇంకోటి ఇచ్చాడంతే.

ఇంకో వింత కూడా ఉండేది. వేడి కొలిచే తీగలు వచ్చి చేరే పాత బోర్డులో పద్నాలుగో నంబరు దగ్గర ఏ తీగా తగిలించి లేదు. అయినా అప్పుడప్పుడు అక్కడి నుంచి నూట ఇరవై ఏడు డిగ్రీలని వస్తుంది. ఒక్కోసారి సున్నాకు కింద నూట ఇరవై ఎనిమిది. ఖాళీగా వదిలేసిన చోటు ఏదో ఒకటి వాగుతుంది, అందులో మాయ లేదు. కానీ అది వచ్చినప్పుడల్లా కాఫీతో బన్ను నమిలే ఔలిస్ నోరు ఆగిపోయేది.

ఆ నంబరు తీసి పారేద్దామని ఒకసారి అన్నాను. వద్దన్నాడు. ఎందుకని అడిగితే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ శరదృతువులో పెద్ద తెర కొత్తది వచ్చింది. మా అధికారి ఇర్మెలి గీతల కొలత ఏదో మీరిద్దరే తేల్చండి, శుక్రవారానికి ఔలిస్ సంతకం కావాలి అంది. దారులు రెండే. పక్క అంచు అంకెలు వచ్చిన విలువలను బట్టి సాగి, కుంచించుకుపోయేలా వదిలేయడం ఒకటి. ఇరవై నుంచి ఎనభై దాకా అని గీసి కదలకుండా బిగించడం రెండోది. ఇర్మెలికి మొదటిదే ఇష్టం. చూడటానికి వచ్చినవాళ్ల ముందు గీతలు గంతులు వేస్తుంటే బాగుంటుందని ఆవిడ లెక్క. ఔలిస్ మాత్రం సోమవారం ఒకటి పెట్టాడు, మంగళవారం మార్చాడు, బుధవారం మళ్లీ మొదటికి వచ్చాడు.

నాకు విసుగొచ్చింది. ఏదైనా చెడ్డ రోజు అంకెలు తెచ్చి రెండు కొలతల్లోనూ గీసి చూస్తే తేలిపోతుంది కదా అన్నాను.

"ఇక్కడ చెడ్డ రోజు ఒక్కటే ఉందిరా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ల కిందట, అక్టోబరులో, పొద్దున పది గంటల కాఫీ వేళ. తార్మో కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీల బీరువా తెరిచి ఒకటి మార్చాలి. వెళ్లనా అని అడిగాడు. ఔలిస్ తెర చూశాడు. అన్ని గీతలూ గడ్డకట్టిన సరస్సులా చదునుగా ఉన్నాయి. కాఫీ తాగి వెళ్లమన్నాడు. ఇద్దరూ తాగారు. తార్మో వెళ్లి తలుపు తీశాడు, అప్పుడే వేడి అరవై డిగ్రీలు దాటి హెచ్చరిక గంట మోగింది, పొగ ముఖం మీదికి కొట్టింది. ఊపిరితిత్తులు పాడై తొమ్మిదో రోజున పోయాడు.

"గీత నిజంగానే చదునుగా ఉందో, నాకే అలా కనబడిందో తెలీదు. ఎప్పుడూ తిరిగి గీయలేదు. గీస్తే తెలిసిపోతుంది."

ఇంకొకడైతే అక్కడ ఆగేవాడేమో. నేను పాత అంకెలు తెరిచాను. అతను వద్దనలేదు. కుర్చీ మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు.

ముందు ఆ రోజు తెర మీద ఎలా కనబడిందో అలాగే, సాగే కొలతలో గీశాను. పదింటికి కాస్త ముందు పద్నాలుగో నంబరు పైకి ఒకసారి, కిందికి ఒకసారి పిచ్చి అంకె వేసింది. దానికి చోటివ్వడానికి తెర తన కొలతను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సాగదీసుకుంది. మిగతా గీతలన్నీ మధ్యలో ఇరుక్కుని పేలికలా అణిగిపోయాయి. బ్యాటరీ గీత కొసన గోరంత వాలు. చూడమని ఎవరైనా చెబితే తప్ప కనబడదు.

తర్వాత ఇరవై నుంచి ఎనభై దాకా బిగించి గీశాను. అదే గీత, అవే అంకెలు. ఇరవై నాలుగు దగ్గర మొదలై నలభై నిమిషాల పాటు మేడమెట్లెక్కినట్టు ఎక్కుతోంది. కాఫీ పోసుకునే వేళకే యాభై దాటింది.

"చెప్పు," అన్నాడు గోడ వైపు నుంచే.

అబద్ధం నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. "కనబడుతోంది ఔలిస్. బాగా కనబడుతోంది," అన్నాను.

లేచి వచ్చాడు. రెండో బొమ్మను ఎక్కువసేపు చూడలేదు. మొదటిదాని దగ్గరే నిలబడిపోయాడు. ఎడమ అంచున చిన్న అక్షరాల్లో నూట ఇరవై ఏడు అని ఉంది. దాని మీద వేలు పెట్టాడు.

"ఇది ఆ రోజూ ఇక్కడే ఉంది. నేను గీత చూశాను, అంచు చూడలేదు."

తప్పు తెరది అని నేను అనబోయాను. అతని ముఖం చూసి మానేశాను. పదకొండేళ్లు దేనికోసం భయపడ్డాడో అది ఎదురుగా వచ్చి నిలబడింది. అతను మాత్రం పారిపోలేదు.

కూర్చుని కొలత తనే రాశాడు. ఇరవై నుంచి ఎనభై, కదలకూడదు. ఆ హద్దు దాటిన అంకె ఏదైనా వస్తే గీతలను సాగదీయకుండా అంచున ఎర్రగా నిలబడాలి. అంచు అంకెలు గుమ్మంలోంచి కూడా కనబడేంత లావుగా ఉండాలి. సంతకం చేశాడు. ఈసారి మళ్లీ మార్చలేదు. గంతులు లేవేమిటి అని ఇర్మెలి సణిగింది, కాగితం మాత్రం తీసుకుంది.

పద్నాలుగో నంబరును బొమ్మలోంచి తీసేయమన్నాడు. "పక్కన అంకెల జాబితాలో మాత్రం ఉండనీ," అన్నాడు.

డిసెంబరులో రిటైరయ్యాడు. తార్మో కప్పును మేకుకే వదిలి వెళ్లాడు. శుక్రవారాలు నేనే కడుగుతున్నాను. దయ్యాలను నమ్మేవాణ్ణి కాను. కానీ పొద్దున పదింటికి జాబితా చివర నూట ఇరవై ఏడు అని పడగానే నా నోట్లో బన్ను కూడా ఆగిపోతుంది. లేచి తెర దగ్గరికి వెళ్తాను. ముందు అంచు చదువుతాను, ఆ తర్వాతే గీత చూస్తాను.