నేను నోరు మూసుకున్న చలికాలం

మా చిన్నప్పుడు... పండిన వరి మీద చిలకలు వాలితే మా అమ్మ వడిసెల తీసేది కాదు. నన్ను మంచె ఎక్కించేది.

"హోయ్..." అని నేనొక్క కేకేస్తే మా మడిలోవే కాదు, నాలుగు మళ్ళ అవతలి చిలకలు కూడా లేచిపోయేవి. "గౌరమ్మా, మావైపు తిరిగి కూడా ఓ కేకెయ్యే తల్లీ" అని పక్క మడివాళ్ళు బతిమాలేవారు. నాకెంత టెక్కో!

అనకాపల్లి దగ్గర, ఆవ పక్క పల్లె మాది. ఆవంటే ఎండాకాలంలోనూ ఇంకిపోని పెద్ద చెరువు. ఓ ఏడు కార్తీకంలో మా మడి పక్కన, లోతులేని నీళ్ళలో రెండు పెద్ద కొంగలు దిగేయి. మామూలు తెల్ల కొంగలు కావు... బూడిద రంగు, నా అంత ఎత్తు, నడినెత్తిన ఎర్రటి మచ్చ. ఎక్కడో మంచు దేశాల నుంచి చలికాలం గడపడానికి వస్తాయట.

నాన్న మంచె దగ్గరికొచ్చి, "అమ్మీ, ఈ సుట్టాలకి బెదురెక్కువ. ఒక్కసారి బెదిరేయంటే మళ్ళీ మన మొకం సూడవు. అయి ఎల్లేదాకా నువ్వు నోరిప్పకు" అన్నాడు.

"మరి సిలకలు తినేత్తేనో?" అంది అమ్మ.

"తిన్నన్ని తింతాయి. మిగిల్నవే మనయి."

ఇంకేటి... నేను, నోరు మూసుకోవడం! మంచె మీద పాత చీర ముక్క ఊపుతూ కూర్చున్నాను. బడిలో "మూగ గౌరి" అని ఒకటే ఏడిపించేవారు. ఒళ్ళు మండిపోయేది. కానీ ఆ కొంగలు ఠీవిగా అడుగులేసుకుంటూ మా గట్టు దాకా వచ్చేవి... నేను ఊరుకోబట్టే కదా అని మురిసిపోయేదాన్ని.

ఓ పొద్దున్న అమ్మా నాన్నా బెల్లం వంటకి వెళ్ళేరు. నేనొక్కదాన్నే మంచె మీద. తుంగలోంచి ఇద్దరు మనుషులు వల పట్టుకుని వంగి వంగి వస్తున్నారు. మా వూరివాళ్ళు కారు. కొంగలు తలొంచుకుని మేస్తున్నాయి. అరిస్తే ఇక జన్మలో రావు. అరవకపోతే కూరైపోతాయి...

అరిచేను. నెల్లాళ్ళు దాచుకున్న కేకంతా ఒక్కసారే! కొంగలు లేచిపోయేయి. జనం పరిగెత్తుకొచ్చేసరికి ఆ ఇద్దరూ వలొదిలేసి పారిపోయేరు.

నాన్న వచ్చేసరికి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. "నేనే తోలేసేను నాన్నా..."

"ఓసి పిచ్చిదానా! బతికించేవే. బతికుంటే వత్తాయి."

పై ఏడు కార్తీకమంతా ఆకాశం వైపే చూసేను. రాలేదు. మార్గశిరం వచ్చేసింది. ఓ ఉదయం పొగమంచులోంచి ఒక కేక... ఊరు ఊరంతా వినిపించే కేక! నన్ను మించిన గొంతు అప్పుడే విన్నాను. ఈసారి మూడు దిగేయి... ఒకటి పిల్ల. గట్టు మీదికొచ్చిన జనం కొంగల్ని వదిలేసి నన్ను చూసేరు. నాన్న నన్ను భుజానికెత్తుకున్నాడు. ఇప్పటికీ నాకు అంతకు మించిన గర్వం లేదు.

ఇప్పుడు పరవాడ మందుల కంపెనీలో పనికి బస్సులో రోజూ ఆవ పక్కనుంచే వెళ్తాను. నీటి అంచునున్న మళ్ళు చాలావరకు లేఔట్లయ్యేయి. ఆ జాతి ఇటువైపు రావడమే తగ్గిపోయిందంటారు... మా పెద్ద కొంగలు రాక చాలా ఏళ్ళయింది. అయినా కార్తీకం వచ్చిందంటే నాన్న అనడం మానడు... "అమ్మీ, గొంతు తగ్గించు."

తగ్గిస్తాను.

మీ వైపు ఎక్కడైనా దిగితే నాకో ముక్క చెప్పండి... కాస్త మెల్లిగా, అవి బెదరకుండా.