మేస్త్రి జేబులో రేకు

బేకరీలో అతన్ని అందరూ మేస్త్రి అనేవారు. ఇరవై రెండేళ్లుగా అదే పిలుపు కావడంతో, బ్యాంకులో ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పక్కవాళ్ల వంక చూసేవాడు. తెల్లవారకముందే వెళ్లి, రెండు బస్తాల మైదాని బ్రెడ్లుగా, బన్నులుగా మార్చి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేవాడు. త్రాసుతో పని లేకుండా పిండిముద్దని సరిగ్గా తూకానికి తుంచగలడు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. రోజుకి పది మాటలు ఖర్చయితే ఆ సాయంత్రం అలిసిపోయినట్టు కనిపించేవాడు.

అలాంటివాడి ఇంట్లో గోధుమ పడని పిల్ల పుట్టింది. విధి వెక్కిరింత అనేశారు చుట్టాలు. వెక్కిరించడానికి ఆ విధికి ఊళ్లో ఇంకో ఇల్లు దొరకలేదా అన్నది మేస్త్రి అత్తగారి ప్రశ్న. దానికి ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

పిల్లకి తొమ్మిదేళ్లు. చిన్నప్పుడు ముద్దుకి పిచ్చుక అని పిలిస్తే, రానురాను ఆ పేరే నిజమై కూర్చుంది. ఏది తిన్నా కడుపునొప్పి, విరేచనాలు. ఆరేళ్లప్పటి గౌన్లు ఇంకా వదులుగానే ఉండేవి. ఇద్దరు డాక్టర్లు నులిపురుగులన్నారు. మూడో ఆవిడ రక్తం తీయించి చూసి, గోధుమలో ఉండే గ్లూటెన్ ఈ పిల్ల పేగుకి పడదంది. రక్తంలో ఇరవైలోపు ఉండాల్సిన అంకె నూట అరవై ఉందని కాగితం మీద గీత గీసి చూపించింది.

"ఒక్క రవ్వ వెళ్లినా పేగు మళ్లీ పుండవుతుంది. పూర్తిగా మానేస్తే మామూలు పిల్లలాగే పెరుగుతుంది," అందామె. "మీరేం పని చేస్తారు?"

"బేకరీలో."

డాక్టరమ్మ ఇంకో కాగితం తీసుకుంది. దానిమీద ఒక చిట్టా రాసింది. పనిబట్టలు గుమ్మం బయటే విప్పాలి, తలస్నానం చేశాకే ఇంట్లోకి రావాలి, వంటింట్లో పిండి అంటిన సామానంతా మార్చెయ్యాలి. మేస్త్రి ఆ చిట్టాని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బాధపడాలని అతనికి తెలుసు, కానీ ఏమీ అనిపించలేదు. వేడి పెనాలు పట్టీ పట్టీ అతని వేళ్లకి చురుకు తెలియడం ఎప్పుడో మానేసింది. లోపల కూడా అలాంటిదేదో జరిగిందనుకున్నాడు.

చెప్పినవన్నీ చేశారు. బస్ డిపోలో టికెట్లు కొట్టే అతని భార్య ఒక ఆదివారమంతా కూర్చుని వంటిల్లు ఖాళీ చేసింది. పాత పెనం, చెక్క పీట, గరిటెలు, జల్లెడ అన్నీ పక్కింటికి పోయాయి. అత్తగారు మంచం కింద పెట్టెలో దాచుకున్న బిస్కెట్లు కూడా పోయాయి. "కాటికి కాళ్లు చాపిన వయసులో నా నోటి దగ్గరివి లాక్కున్నారు," అంటూ ఆవిడే స్వయంగా తీసుకెళ్లి పారేసి వచ్చింది.

పిచ్చుక దేనికీ పేచీ పెట్టలేదు. ఒక్కసారి మాత్రం, స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చుంది.

"అక్కడ టాకోలు పెట్టారు. రొట్టెని మధ్యకి మడిచి లోపల కూర పెడతారు. అందరూ తిన్నారు. నాకు అరటిపండు ఇచ్చారు."

"బాగుందా?" అన్నాడు మేస్త్రి.

"అరటిపండు అరటిపండులానే ఉంది నాన్నా."

మర్నాడు మేస్త్రి పెద్ద దుకాణానికి వెళ్లాడు. గ్లూటెన్ లేని టాకో రొట్టెలు అట్టపెట్టెలో పన్నెండు ఉన్నాయి. వాటి ధరకి ఇంటిల్లిపాదికీ మూడు రోజుల కూరలు వస్తాయి. పెట్టెని అటూ ఇటూ తిప్పి వెనక ఏమేం కలిపారో చదివాడు. మొక్కజొన్న పిండి, నీళ్లు, ఉప్పు. పెట్టెని అక్కడే పెట్టేసి, గోధుమ కలవలేదని రాసున్న మొక్కజొన్న పిండి సంచి ఒకటి కొనుక్కొచ్చాడు.

ఆ పిండి అతని మాట వినలేదు. మైదా లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికొస్తుంది. ఇది వేలు తగిలితే విరిగింది. మొదటి రోజు ఎనిమిది రొట్టెలు చేస్తే ఎనిమిదీ బద్దలయ్యాయి. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "నాకున్న నాలుగు పళ్లకీ మంచి పని పెట్టారు అల్లుడుగారూ," అంది. రెండో రోజు మరిగే నీళ్లు పోసి అరగంట మూత పెట్టాడు. నాలుగో రోజు ఉడికించిన బంగాళాదుంప ఒకటి మెదిపి కలిపాడు. ఉండని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, బరువైన గిన్నె అడుగుతో నొక్కి, పైకాగితం తీసి, కిందికి రేకు దూర్చి నెమ్మదిగా లేపి పెనం మీద వేశాడు. అది విరగలేదు. వేడిగా ఉండగానే మడిస్తే మడత కూడా నిలిచింది.

లోపలికి ఉడికించిన చిక్కుడు గింజలు, టమాటా, సన్నగా తరిగిన క్యాబేజీ, పైన నిమ్మరసం. ఇంట్లో నలుగురూ కడుపునిండా తిన్నా దుకాణం పెట్టె ధరలో నాలుగోవంతు కాలేదు. పిచ్చుక కళ్లు మూసుకుని నములుతూ రెండు తింది. "అక్కడి వాటికన్నా బాగున్నాయి," అంది, అక్కడివి తినకపోయినా. ఆ రోజు నుంచి వారానికి నాలుగు సాయంత్రాలు మేస్త్రి టాకోలు చేసేవాడు.

మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో నూట యాభై ఎనిమిది వచ్చింది.

"ఎక్కడో తింటోంది," అంది డాక్టరమ్మ. "లేదా ఎవరో పెడుతున్నారు. ఇంకో నాలుగు నెలలు చూస్తాను. అప్పటికీ దిగకపోతే ఆసుపత్రిలో చేర్చి గట్టి మందులు మొదలుపెట్టాలి. వాటితో ఎముకలు దెబ్బతింటాయి. అంతదాకా తెచ్చుకోకండి."

ఇంటికొచ్చాక వెతుకులాట మొదలైంది. బడిలో ఎవరైనా పెట్టారా అంటే పిచ్చుక లేదంది, అది అబద్ధమాడే పిల్ల కాదు. ఉప్పు, పసుపు, నూనె అన్నింటి పొట్లాలూ చదివారు. చివరికి మేస్త్రి భార్య కళ్లు తల్లి మంచం కిందికి వెళ్లాయి.

"అమ్మా, నిజం చెప్పు. బిస్కెట్లు మళ్లీ తెచ్చుకుంటున్నావా?"

"తేలేదే."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను అడుగుతున్నాను కాబట్టి చెప్పు. దాని ప్రాణం మీదికొచ్చింది."

అత్తగారు మంచం దిగింది. పెట్టె లాగి, తెరిచి, చీరలన్నీ ఒక్కొక్కటే నేలమీద పరిచింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నోరు తెరిస్తే సామెత పడే ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అంతా చూస్తూ కూడా మేస్త్రి కల్పించుకోలేదు. అత్తగారే అయ్యుంటుందని అతనూ అనుకున్నాడు. కోపం తెచ్చుకోవాలనుకున్నాడు గానీ రాలేదు.

మూడో రోజు పిచ్చుక బడి నుంచి ఆకుపచ్చ చుక్కల స్టిక్కర్లు తెచ్చింది. వంటింట్లో తనకి పనికొచ్చే ప్రతి వస్తువుకీ ఒక చుక్క అంటిస్తానంది. పెనానికి, గరిటెలకి, గిన్నెలకి, ప్లాస్టిక్ కాగితాల సంచికి అంటించింది. మేస్త్రి పొయ్యి దగ్గర రొట్టె లేపుతున్నాడు.

"నాన్నా, అదివ్వు. దానికి అంటించలేదు."

"ఏది?"

"నీ చేతిలోది."

మేస్త్రి తన చేతివంక చూసుకున్నాడు. అరచేతి వెడల్పున్న ఉక్కురేకు, పైన చెక్క పిడి. బల్లకి అంటిన పిండి గీకడానికి, ముద్దలు కోయడానికి. బేకరీలో దాన్ని స్క్రేపర్ అంటారు. చేరిన మొదటి ఏడు కొనుక్కున్నాడు. పనిలో ఉన్నంతసేపూ చేతిలో, లేనప్పుడు వెనక జేబులో. మూడింటికి ఇంటికొచ్చి, పనిబట్టలు బయట విప్పి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకున్నాక, పాత జేబులోంచి పర్సు, తాళంచెవి, రేకు తీసి కొత్త జేబులో వేసుకునేవాడు. డాక్టరమ్మ సామాను మార్చమన్నప్పుడు దాని సంగతి అతనికి తట్టనే లేదు. ఎడమచేతిని ఎవరైనా సామాను లెక్కలో వేస్తారా?

పిచ్చుక రేకు తీసుకుని తిరగేసింది. ఉక్కు చెక్కలోకి దిగే చోట సన్నటి తెల్లగీత ఉంది. గోటితో గీకితే పెళుసుగా పొడి రాలింది.

"ఇది మైదానా నాన్నా?"

"అవును."

పిల్ల చేతిలో ఉన్న చుక్కని తిరిగి కాగితానికే అంటించేసింది. రేకుని గట్టుమీద జాగ్రత్తగా పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. పెనం మీద రొట్టె మాడిపోతోంది. మేస్త్రి పొయ్యి ఆపి, హాల్లోకి వచ్చి, భార్యతో, అత్తగారితో ఒకే మాట అన్నాడు.

"నేనే."

ఏం జరిగిందో పిచ్చుక చెప్పింది. కంచే చేను మేసిందని అత్తగారు అనవచ్చు, ఆ అవకాశం అలాంటిలాంటిది కాదు. ఆవిడ అనలేదు. లేచి వెళ్లి అల్లుడికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రికి అనిపించింది. అదొక్కటే అనిపించింది.

మర్నాడు రేకుని బేకరీ గోడకున్న మేకుకి తగిలించి వచ్చాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఆ రోజు నుంచి మేస్త్రి వంటింట్లోకి అడుగుపెట్టడం మానేశాడు. ఎవరూ వద్దనలేదు. రెండుసార్లు స్నానం చేసి, గోళ్లు మొదలంటా కత్తిరించుకుని కూడా గడప దాటేవాడు కాదు. గడప ఇవతల ఒక స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే," అంది భార్య. "కారణం దొరికింది కదా. ఇంకెందుకు? రండి లోపలికి."

"నువ్వు చెయ్యి. నేను చెప్తాను."

చెప్పడం అంత తేలిక కాలేదు. ఇరవై రెండేళ్లు చేతులకి తెలిసినదాన్ని ఏనాడూ నోటికి చెప్పలేదు. నీళ్లెన్ని పోయాలంటే, తాగినంత అన్నాడు. పిండికి దాహమేమిటని భార్య చిరాకుపడింది. ఎంత మెత్తగా ఉండాలంటే చాలాసేపు ఆలోచించి, చెవితమ్మె పట్టుకుని చూడమన్నాడు. ఆమె ఒక చేత్తో చెవి, ఒక చేత్తో పిండి పట్టుకుని నిలబడితే అత్తగారికి నవ్వాగలేదు. మొదటి వారం రొట్టెలన్నీ చిరిగాయి. ఆమె పిండిని తిట్టింది, గిన్నెని తిట్టింది. "ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగే," అంది తల్లి, మళ్లీ నోరు విప్పి. రేకు లేదు కాబట్టి రొట్టెని కాగితంతో సహా అరచేతిలో బోర్లించుకోవాలని మేస్త్రి స్టూలు మీద కూర్చునే కనిపెట్టాడు. ఖాళీ అరచెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. నెల తిరిగేసరికి ఆమెకి పట్టుబడింది. తర్వాత ఆమె అడగడం తగ్గించింది. అయినా అతను రోజూ స్టూలు వేసుకునేవాడు.

నాలుగో నెల చివర రక్తపరీక్షలో యాభై రెండు వచ్చింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది.

"ఏం మార్చారు?"

భార్య మేస్త్రివైపు చూసింది. "ఒక రేకు ఇంటికి తేవడం మానేశాను," అన్నాడతను. ఆసుపత్రి అక్కర్లేదు, మందులక్కర్లేదు, ఇలాగే కొనసాగించమని ఆమె చెప్పింది. దారిలో భార్య ఏడ్చింది. మేస్త్రి ఆమె చేతిసంచి పట్టుకుని పక్కన నడిచాడు. సంతోషం కూడా రాలేదు.

ఆ సాయంత్రం పిచ్చుక మూడు టాకోలు తిని నాలుగోది అడిగింది. అదివరకెన్నడూ అడగలేదు. పొద్దున్నుంచీ తిరిగి అలిసిన తల్లి, "ఇంక నా వల్ల కాదు. మీ నాన్ననడుగు," అని కుర్చీలో కూలబడింది.

పిచ్చుక గడప దగ్గరికొచ్చింది. "నాన్నా, ఇంకోటి."

"అమ్మ చేస్తుంది, ఆగు."

"నువ్వు చెయ్యి."

"నేను ముట్టుకోను."

"యాభై రెండేగా."

పిల్ల అతని ముందు గొంతుక్కూర్చుంది.

"నాకు నీ మీద కోపం లేదు నాన్నా. నీకే కోపం."

"ఎవరి మీద?"

"నీ చేతుల మీద."

మేస్త్రి లేచి గడప దాటాడు. మోచేతులదాకా సబ్బు పెట్టి కడిగాడు, మళ్లీ కడిగాడు. గిన్నెలో మిగిలిన పిండి తీసుకుని ఉండ చేసి, కాగితాల మధ్య నొక్కాడు. పైకాగితం తొందరగా లాగాడు. రొట్టె నడిమికి చిరిగిపోయింది. ఇరవై రెండేళ్ల మేస్త్రి చిరిగిన రొట్టె ముందు నిలబడ్డాడు. ఏడు నెలలుగా రాని భయం అప్పుడొచ్చింది. ఈ పిల్ల చచ్చిపోయి ఉండేది, నా చేత్తో పెట్టింది తిని చచ్చిపోయి ఉండేది అనుకున్నాడు. పొయ్యిగట్టు పట్టుకుని గట్టిగా ఏడ్చాడు. అత్తగారు పక్క గదిలోంచి లేచి వచ్చి, చూసి, కూతురి పక్కన కూర్చుంది.

పిచ్చుక ఆ చిరిగిన రెండు ముక్కల్నీ తానే పెనం మీద వేసింది. కాలాక, లోపల ఏమీ పెట్టుకోకుండానే, నిలబడి తినేసింది.