రుదైనా కూర్చునే రాయి

ఆ రాయి తీసింది నేనే. మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచి లాభం లేదు.

అమ్మాన్‌లో మా వీధి నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా ఉంటుంది. కారు నిలపడానికి చోటు దొరకడం గగనం. చుట్టాలు వస్తున్నారంటే ఇంటి ఎదుట ముందే ఓ రాయో, విరిగిన కుర్చీయో పెట్టి చోటు పట్టుకుంటాం. ఆ రాయి ఎవరిదని ఎవరూ అడగరు.

ఎదురింటి రుదైనా మాత్రం తన రాయిని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వాళ్లాయన ఫాయిక్ బడిలో లెక్కల మాస్టారు. మెకానిక్‌ల మీద నమ్మకం లేక పాత కారు మరమ్మతులన్నీ తనే చేసుకునేవాడు. ఆయన జాకీ బయటికి తీశాడంటే రుదైనా ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. చక్రం వెనక ఆ రాయి పెట్టి, దాని మీద తనే కూర్చుని, బడిపిల్లల చొక్కాలకు బొత్తాలు కుట్టుకుంటూ, ఆయన బయటికి వచ్చేదాకా లేచేది కాదు. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టించేది. పుట్టిన ఊరు జర్కాలో వాళ్లన్న లారీ కింద ఉండగా జాకీ జారింది. బయటికి కనిపించిన ఆ రెండు కాళ్లను రుదైనా చూసింది. అప్పటికి ఆవిడకు పన్నెండేళ్లు.

ఇదంతా తెలిసి కూడా నేను ఎగతాళి చేసేదాన్ని.

"ఏం రుదైనక్కా, గుడ్లు పొదుగుతున్నావా?"

"నవ్వవే ఇబ్తిసామ్, నవ్వు. జాకీ పైకి లేపుతుందంతే, పట్టుకోదు."

"ఈ చక్రం నాకు అడ్డమొస్తోందే, తీసేస్తా!" అని కారు కిందనుంచి ఫాయిక్ అరిచేవాడు.

"తియ్యి, ఇవాళ నీకు తిండి పెడితే ఒట్టు!"

ఆ శుక్రవారం మా చెల్లెలూ మరిదీ భోజనానికి వస్తున్నారు. పొయ్యి మీద మన్సఫ్‌కు మాంసం ఉడుకుతోంది. పొద్దున కిటికీలోంచి చూస్తే రుదైనా రాయి మీదే ఉంది. మళ్లీ చూసేసరికి రాయి ఒక్కటే ఉంది. ఆవిడ లేచిందంటే పని అయిపోయినట్టే అనుకున్నాను. గ్యాస్ బండి పాట విని, ఖాళీ సిలిండర్ కోసం మేడెక్కిందని నాకేం తెలుసు? విప్పిన చక్రం అవతలి వైపుది. కారు కాస్త ఒరిగి ఉంది, కానీ మా వీధిలో ఒరగని కారేది?

దిగి వెళ్లి రాయి లాగాను. సులువుగానే వచ్చింది. అప్పటికింకా హ్యాండ్‌బ్రేక్ పట్టి ఉంది. రాయిని మా గుమ్మం ఎదుట పెట్టి చేతులు దులుపుకుంటుంటే కారు కింద ఏదో టక్కుమంది. ఫాయిక్ మార్చబోయింది ఆ బ్రేకు తీగనే. రుదైనా వచ్చేదాకా ఆగమంటే ఆగలేదు.

కారు వెనక్కి కదిలింది. కారు కిందుగా, అవతలి వైపు జాకీ ఒరగడం అప్పుడు కనిపించింది. ధబ్బుమని కారు కూలింది.

సిలిండర్ మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చింది. రుదైనా పైమెట్టు మీదే కూలబడి కళ్లు మూసుకుంది.

"నువ్వు చూడవే, ఇబ్తిసామ్. నేను ఇంకోసారి చూడలేను. నీ కాళ్లు పట్టుకుంటా, నువ్వే చూడు."

కారు అవతలి వైపుకు వెళ్లాను. రెండు కాళ్లు కనిపించాయి, కదలడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని వంగాను. కారు ఆ పడుకోబెట్టిన చక్రం మీద ఆగి ఉంది. ఫాయిక్ ముక్కుకూ ఇనుముకూ మధ్య జానెడు కూడా లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఉన్నానని చెప్పు," అన్నాడు. "ముందు దానికి చెప్పు."

మగవాళ్లు పరుగెత్తుకొచ్చి నాలుగు పక్కలా రాళ్లు పెట్టి ఆయన్ని లాగారు. రాయి నేనే తీశానని అందరి ముందూ చెప్పాను. రుదైనా నన్ను తిట్టలేదు, కొట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఫాయిక్ కారు కింద పెట్టడానికి రెండు ఇనుప స్టాండ్లు కొన్నాడు. బడి వెనక చదును నేలలో తప్ప కారు లేపడు. అక్కడ చోటు పట్టుకునేవాళ్లెవరూ లేరు. అయినా రుదైనా ఆ రాయిని డిక్కీలో వేసుకుని వస్తుంది. నేను ఇంకో రాయి తెచ్చుకుని రెండో చక్రం దగ్గర కూర్చుంటాను. ఒకప్పుడు దేనికీ జంకని మనిషి, ఇప్పుడు రెండు నిమిషాలకోసారి కిందనుంచి పిలుస్తాడు.

"రుదైనా, ఉన్నావా?"

"ఉన్నా."

"ఇబ్తిసామ్?"

"ఉన్నాను, అన్నా. కదల్లేదు."