పసుపు జెండా జీపులో మా వదిన

మొన్న ఎన్నికలప్పుడు మా చుట్టాలందరూ ఉన్న ఫోను గ్రూపులోంచి మా అన్న కొడుకు వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడంటే మనిషి ఎక్కడికీ పోలేదు, రాజురాలో తన ఇంట్లోనే ఉన్నాడు. నా కొడుకుతో పార్టీల మీద మాటా మాటా పెరిగి, ఈ గ్రూపులో నేనుండనని బటన్ నొక్కేశాడట. ఈ కబురు చెప్పింది నా మనవరాలు. చంద్రపూర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదివిన పిల్ల కనుక నన్ను ఆజీ అనే పిలుస్తుంది. నేను బాధపడతానని మెల్లగా చెప్పింది గాని, నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ఇద్దరి తండ్రులు, అంటే మా అన్నా మా ఆయనా, ఒకప్పుడు ఇంతకంటే ఘనంగా మాటలు మానుకున్నవాళ్లే.

నేను ఆదిలాబాద్ వైపునుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చేనాటికి మా ఆయన మహారాష్ట్రలో రాజురా దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవారు. మా అన్నదీ అదే బాయి, అదే పని. నా అదృష్టం కొద్దీ ఇద్దరికీ ఎదురెదురు క్వార్టర్లు దొరికాయి. మధ్యలో సందు ఎంత ఇరుకంటే, నేను మా గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ అటు గుమ్మంలో ఉన్న వదినతో గొంతు పెంచకుండా ముచ్చట పెట్టేదాన్ని. మా వరుసలో తెలంగాణ వాళ్లు, మరాఠీ వాళ్లు, ఎక్కడో బీహారు నుంచి వచ్చినవాళ్లు, అందరి బిందెలూ ఒక్క కుళాయి దగ్గరే. రోడ్డుకు అటువైపు ఆఫీసర్ల బంగళాలుండేవి, వాటి ముందు పూలచెట్లకు పైపుతో నీళ్లు పట్టేవాళ్లు. మేం ఆడవాళ్లం ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ఆ నీళ్లు చూసి నిట్టూర్చేవాళ్లం.

ఇక యూనియన్ల సంగతి. మా అన్నది ఎర్రజెండా, మా ఆయనది పసుపు జెండా. మామూలు రోజుల్లో ఇది పండుగనాటి ఎకసెక్కాలకు పనికొచ్చేది గాని, యూనియన్ ఎన్నికలు వచ్చేసరికి ముదిరింది. బాయి గేటు ముందు మీటింగులో మా అన్న మైకు పట్టుకుని పసుపు జెండా వాళ్లంతా ఆఫీసర్ల చెంచాలన్నాడు; మర్నాడు అదే చోట మా ఆయన ఎర్రజెండా వాళ్లకు అరవడం తప్ప పని రాదన్నారు. ఆపైన మాటలు బంద్. చిత్రమేమిటంటే, సాయంత్రం ఇద్దరూ యథాప్రకారం తమ తమ గుమ్మాల్లో కూర్చునేవాళ్లు. ఒకరికొకరు ఎదురుగా ఉండి కూడా, బావ దగ్గర బీడీలు ఉన్నయా అడుగు అని మా అన్న నాకు చెప్పడం, ఉన్నయని చెప్పు అని మా ఆయన నాకే చెప్పడం, నేను లేచి బీడీలు ఆ రెండడుగులూ మోయడం. వదినకు అప్పుడు నెలలు నిండాయి; ఇదంతా చూసి కడుపు పట్టుకుని నవ్వేది.

ఓట్లకు ముందురోజు, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, వదినకు నొప్పులు మొదలయ్యాయి. కాలనీ నర్సు వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, వెంటనే చంద్రపూర్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది. బాయి అంబులెన్సు దెబ్బ తగిలిన ఒక కార్మికుణ్ణి తీసుకుని అప్పటికే వెళ్లిపోయింది. ఎర్రజెండా జీపు ప్రచారానికి వేరే బాయిల వైపు పోయింది. ఉన్నదల్లా మా ఇంటి ముందు నిలబెట్టిన పసుపు జీపు, నెత్తిన మైకు, చుట్టూ జెండాలు, ముందు అద్దానికి గుర్తు బొమ్మ. మా అన్న దానివంకే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే మా ఆయన బండి తాళం పట్టుకుని బయటికి వచ్చారు.

“ఏం జూస్తున్నవ్ బావా? నా చెల్లెను ఎత్తుకొని రా! జెండాలు పీకమంటవా?”

“జెండాలు గిండాలు తర్వాత, నువ్వు బండి తియ్యి!” అన్నాడు మా అన్న.

నేను వదిన తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. రాజురా దాకా బాగానే వచ్చాం. ఊళ్లోకి రాగానే చౌరస్తా నిండా ఎర్రజెండాల ఊరేగింపు, మా అన్న ముందుండి నడపాల్సిన ఊరేగింపే. హారను ఎవరూ వినిపించుకోలేదు సరిగదా, పసుపు జీపును చూసి ఇంకా అడ్డం నిలబడ్డారు. మా ఆయన మైకు తీసి, అలవాటు కొద్దీ, “కార్మిక సోదరులారా, మన గుర్తుకే...” అని మొదలుపెట్టారు. మా అన్న ఆ మైకు గుంజుకున్నాడు.

“అరే, నేను! మీ అన్నను! మా ఇంటామెకు నొప్పులొస్తున్నయి, తొవ్వ ఇడువున్రి!”

తమ నాయకుడు పసుపు జీపులోంచి అరుస్తుంటే జనం దగ్గరికొచ్చి జీపులోకి తొంగిచూశారు. మరుక్షణం వాళ్లే మా ముందు పరుగెత్తుతూ, “బాజూలా వ్హా, బాజూలా వ్హా” అని మరాఠీలో కేకలు పెడుతూ బండ్లను పక్కకు జరిపించారు. ఎర్రజెండాలు దారి చేస్తుంటే పసుపు జీపు ఊరు దాటింది. అంత నొప్పిలోనూ వదిన కళ్లు తెరిచి, “గిదేం బారాత్ వదినా” అంది. వార్ధా నది వంతెన మీద నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని డాక్టరమ్మ చెప్పేసరికి బావాబావమరుదులిద్దరూ దవాఖాన మెట్ల మీద పక్కపక్కన కూలబడి ఒకే బీడీ పంచుకున్నారు. మర్నాడు ఎర్రజెండా ఓడిపోయింది. నన్ను ఆ జీపులో చూసి సగం ఓట్లు అటు పోయినయి అని మా అన్న బతికినంతకాలం అనేవాడు. పుట్టకముందే మా జీపెక్కింది, నీ బిడ్డ మా మెంబరే అని మా ఆయన ఏడిపించేవారు. ఇద్దరూ జెండాలు మార్చుకోలేదు, మాటలూ మళ్లీ మానుకోలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. వాళ్లకు పట్టింపులు లేక కలిసిపోయారని నేననను. ఇద్దరికీ ఒకే రోజు ఒకే జీతం వచ్చేది, ఒకే రకం ఇల్లు, ఒకే దుమ్ము. ఎన్నికలయ్యాక ఆ కోపం నిలవడానికి చోటు దొరకలేదంతే. నా కొడుకుది బాయి మిషన్ల మీద పర్మినెంటు ఉద్యోగం, చంద్రపూర్‌లో మేడ, నేనుండేదీ అక్కడే. మా అన్న కొడుకు ఓ కాంట్రాక్టరు కింద అలాంటి మిషన్ల మీదే పనిచేస్తాడు, చేతికొచ్చేది అందులో సగం కూడా కాదు, ఎప్పుడు మానేయమంటారో తెలియదు. వాళ్ల తగువు పార్టీల పేరుతోనే నడుస్తుంది గాని, దేశం బాగుపడిందని ఒకడంటే, ఎవరికి బాగుపడిందని రెండోవాడు అడుగుతాడు. వినేదాన్ని నేను, ఇద్దరి మాటా కాదనలేను.

మా కాలంలో పిల్లలు ఎక్కడ ఆకలైతే ఆ ఇంటి వంటింట్లోకి దూరి గిన్నె మూత తీసేవాళ్లు. మా అన్న మనవలు ఈ ఇంటికి వస్తే చెప్పులు వరుసగా విడిచి, సోఫా అంచున కూర్చుని, మంచినీళ్లు తాగొచ్చా అని నన్నడుగుతారు. అలా అడగాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదు.