చదివి వినిపించందే వేలిముద్ర వెయ్యను

నా పేరు అప్పలనరసమ్మ. డెబ్బై రెండేళ్లు. కంచరపాలెంలో కొడుకింట్లో ఉంటన్నాను. నాను సెప్తంటే మనవరాలు సునీత రాస్తంది.

కళ్లజోడు అక్కర్లేకుండా దీనికి ఈ రోజు లేజర్ ఆపరేషన్ చెయ్యాల్సింది. ఆసుపత్రివాళ్లిచ్చిన ఒప్పుకోలు కాగితం మీద తండ్రీ కూతుళ్లు చదవకుండానే సంతకాలు పెట్టేశారు. నన్ను సాక్షిగా వేలిముద్ర వెయ్యమన్నారు.

"ముందు సదివి ఇనిపించమ్మా" అన్నాను నర్సుతో.

"అందరూ వేసేస్తారు మామ్మా, ఏం కాదు."

"ఏటీ కాకపోతే ఇంత రాతెందుకే?"

చదివింది. కళ్ల కొలతలు తీసేముందు రెండు వారాలు కళ్లలో లెన్సులు పెట్టకూడదట. మా పిల్ల కొలతల ముందురోజు దాకా పెట్టింది! ఆ మాట చెప్తే, తప్పు కొలతతో లేజర్ కొడితే చూపు చెడొచ్చని డాక్టరు ఆపేశారు.

ఆటోలో తండ్రీ కూతుళ్లిద్దరూ "అందరి ముందూ పరువు తీసావ్" అని నా మీదే ఎగిరారు. కళ్లు పోయాక ఏ పరువు చూసుకుంటారర్రా? మీరే సెప్పండి, తప్పు నాదేటి?

అప్పలనరసమ్మ వేలిముద్ర.
సాక్షులు: కొడుకు రమణ (మూతి ముడుచుకుని), సునీత.